పదో పేరు

మా చిన్నప్పుడు... పదకొండో తరగతి దరఖాస్తు ఫారం ఒకటి నాలుగు రోజులపాటు మగ్గం పక్క గూట్లో కూర్చుని నన్నే చూస్తూ ఉండేది.

బడి తమిళనాడు అంచున తిరుత్తణిలో, అక్కడికి బస్సు దూరంలో మా నేతవీధి. ప్లస్ టూ చదువు వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. మా వీధిలో దాని గడప తొక్కినవారు లేరు... నాకు డాక్టరు చదువులో సీటు రావాలన్నది ఇంటిల్లిపాదీ చెప్పుకున్న సంకల్పం. కనుక సైన్సు గ్రూపు గురించి తర్జనభర్జన లేదు. మిగిలిందల్లా ఒకే ఒక్క గడి... మొదటి భాష. తమిళమా, తెలుగా, సంస్కృతమా?

పెన్సిలుతో 'తెలుగు' అని రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను... కండెలకు నూలు చుడదామని రాట్నం ముందు కూర్చుంటే పోగు తెగుతుంది. లేచి వీధిగుమ్మం దాకా వెళ్తాను. ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వస్తాను...

ఆ అస్థిమితానికి కారణం మా తెలుగయ్య. పదో తరగతిలో మాకు ఛందస్సు రుచి చూపినవారు. నల్లబల్ల మీద లఘువుకు నిలువుగీత, గురువుకు వంపుగీత గీసి, "లఘువని చిన్నచూపు చూడొద్దు పాపా. పక్కన ఒత్తక్షరం వొచ్చి నిలబడిందంటే అదే గురువైపోతాది" అనేవారు. ఇంట్లో మేం మాట్లాడే తెలుగుకూ, పద్యాలలోని తెలుగుకూ మధ్య ఉన్న దూరాన్ని చేయి పట్టి దాటించినవారు ఆయనొక్కరే.

శనివారం ఆయనే మా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీదే కూర్చున్నారు.

"ప్లస్ వన్నులో తెలుగు క్లాసు తెరవాలంటే పదిమంది ఉండాలంట పాపా. తొమ్మిది పేర్లుండాయి."

నేను మజ్జిగ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

"పదోది నీదని నేనెవురితోనూ అన్లేదు... అనమంటావా?"

"సోమారం చెప్తానయ్యా" అన్నాను. ఆయన మజ్జిగ తాగి, చెంబు బోర్లించి, బస్సు కోసం నడిచి వెళ్ళిపోయారు.

ఆదివారం మద్రాసు పక్కనున్న పట్టాభిరామ్ నుంచి మా మేనమామ దిగాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని. మద్రాసు సంగతులకు మా ఇంట్లో ఆయన మాటే వేదం.

"తెలుగెత్తుకుంటే యాడొస్తాయి మార్కులు? మా సూపర్వైజరు కూతురు సంస్కృతం ఎత్తుకునింది. నూటికి తొంబై! అది గూడా జవాబులన్నీ ఇంగ్లీషులోనే రాసేసిందంట!"

"సంస్కృతాన్ని ఇంగ్లీషులో రాసేదేంది మామా?"

"అదే దా మద్రాసు తెలివి! నువ్వు డాక్టరమ్మవి కావాల్నా, పద్యాలు పాడుకుంటా కండెలు చుట్టాల్నా?"

అమ్మ నవ్వింది. నాన్న మగ్గం మీద నాడె ఆడించడం ఆపకుండానే, "అయ్యోరు ఇంటిదాకా వొచ్చి అడిగిపొయినాడే..." అన్నాడు.

"బావా, అయ్యోరికి ఈ బడి కాకుంటే ఇంకో బడి. మన పాపకు ఈ సీటు కాకుంటే ఇంకో సీటు యాడుండాది?"

అప్పుడు మగ్గం ఆగింది. "పోగు తెగితే ముడేస్తాం. చదువు తెగితే యాడ ముడేసేది... నీ ఇష్టం మ్మా" అన్నాడు నాన్న.

ఇష్టం అన్న మాటకు అంత బరువుంటుందని నాకు అంతవరకూ తెలియదు. రబ్బరు తీసుకుని 'తెలుగు'ను గట్టిగా రుద్దాను... కాగితం పలచబడింది. దాని మీదే సిరాతో 'సంస్కృతం' అని రాశాను.

సోమవారం బడి గేటు దగ్గర అయ్య ఎదురయ్యారు. ఫారం అందుకుని చూశారు.

"అమ్మను కాదని అవ్వ కాడికి పోతాండావా? సెరిలే పాపా... అవ్వ గూడా మనమ్మే" అని నవ్వారు. నవ్వుతూనే జేబులోంచి తొమ్మిది పేర్ల చీటీ తీసి, నాలుగు మడతలు వేసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

తెలుగు క్లాసు తెరవలేదు. ఆ తొమ్మిదిమందీ తమిళానికి వెళ్ళారు. అయ్యను మింజూరు వైపు ఏదో బడికి మార్చారు...

రెండేళ్ళ తరువాత మామను తోడు తీసుకుని, డాక్టరు చదువుకు దరఖాస్తు ఇవ్వడానికి మద్రాసు వెళ్ళాను. సంస్కృతంలో బడికంతా నాదే మొదటి మార్కు. మామ ఆ అంకెనే వేలితో చూపిస్తున్నాడు. అక్కడి గుమాస్తా పెన్సిలు తీసి, దరఖాస్తులో దాని మీద ఒక నిలువుగీత గీశాడు.

"భాష మార్కులు కలపరమ్మా. సైన్సువి మాత్రమే" అన్నాడు తమిళంలో.

"ఈ యేడు నుంచా సార్?" మామ గొంతు తగ్గిపోయింది.

"ఎప్పుడూ అంతే."

ఆ నిలువుగీత... అయ్య నల్లబల్ల మీద లఘువుకు పెట్టే గుర్తే! గురువును లఘువు చేసింది మాత్రం ఆ గుమాస్తా కాదు.

సీటు రాలేదు. సైన్సు మార్కులు చాలలేదు. మార్కుల కోసం నేనెత్తుకున్న సంస్కృతమే చివరికి నన్నెత్తుకుంది... ముప్పై ఏళ్ళు దాన్నే బోధించి బతికాను. తెలుగు కావ్యాలు మాత్రం ఒంటరిగా, తడుముకుంటూ చదువుకున్నాను. ఒకసారి సందేహాలన్నీ కాగితం మీద రాసుకుని మింజూరు వెళ్ళాను. "ఆ అయ్యోరు రిటైరై పొయినాడమ్మా, యాడుండాడో తెలీదు" అన్నారు అక్కడి బడిలో.

ఇప్పటి పిల్లలకు ఏ మార్కు కలుస్తుందో, ఏది కలవదో ఫోనే చెబుతుంది. మొన్న పక్కింటి పాప రెండు నిమిషాల్లో గ్రూపూ భాషా ఎంచేసుకుంది. ముచ్చటేసింది... అరుగు మీద కూర్చుని "అనమంటావా?" అని అడిగే మనిషి ఆ ఫోనులో ఎక్కడా లేడు కదా అని గుబులూ వేసింది.

మీ ఫారంలోనూ అటువంటి గడి ఒకటి ఉండే ఉంటుంది. మొదట ఏం రాసి చెరిపారో చెప్పండి... నా ఫారం ఏ బీరువాలో చెదలు పట్టిందో గానీ, ఆ కాగితం పలచబడిన చోటు ఇప్పటికీ నా వేలికి తగులుతూనే ఉంది.