అభ్యంతరం లేదు

ఎనభైల మొదట్లో అమలాపురం మెయిన్ రోడ్డును వెడల్పు చేశారు. చేశారు అనడం తేలిక. ఏడాది పాటు తవ్వారు, పూడ్చారు, మురుగు కాలవ సంగతి మరిచిపోయామని మళ్ళీ తవ్వారు. షాపుల వాళ్ళు గుమ్మాల ముందు కొబ్బరి దుంగలు వేసుకుని, వాటి మీద నుంచే బేరానికి వచ్చిన వాళ్ళను లోపలికి నడిపించుకున్నారు. ఆ తవ్వకాల ఆఫీసులో నేను కొత్తగా చేరిన గుమాస్తాను. నా దస్తూరి బాగుంటుందని ఆఫీసులో పేరు. ఆ పేరు చూసుకుని కాస్త మిడిసిపడేవాణ్ణి కూడా.

పనిలో భాగంగా మందుల షాపు ముందున్న బస్సు స్టాపును కాలవ వంతెన అవతలకు మార్చాలన్నారు. అల్లవరం వైపు వెళ్ళే బస్సులన్నీ అక్కడే ఆగేవి. మార్చే ముందు అక్కడి వాళ్ళను ఒక్కొక్కరినీ అడగాలనీ, అభ్యంతరం చెప్పిన వాళ్ళకు కొత్త స్టాపు దగ్గర చోటు చూపించాలనీ పై నుంచి ఆర్డరు. అడగడానికి ఇంజనీరుగారు, రాయడానికి నేను.

ఇంజనీరుగారిది అనంతపురం వైపు. మంచి మనిషే, మాటే గట్టి. అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలో ఏమీ ఉండదు. మా 'ఆయ్' సంగతి ఆయనకు తెలియదు. మేము పెద్దవాళ్ళు ఏం చెప్పినా 'ఆయ్' అంటాం. వింటున్నానండి అన్నా అదే, అర్థమైందండి అన్నా అదే. ఒప్పుకున్నట్టు కావచ్చు, కాకపోనూ వచ్చు. అధికారి మొదటిసారి గుమ్మంలోకి వస్తే మొహం మీద కాదనడం మాకు చేతకాదు. వింటాం, మర్యాదగా పంపిస్తాం. రెండోసారి వచ్చినప్పుడు మనసులో మాట చెబుతాం.

స్టాపు దగ్గర ఉన్నవన్నీ పక్కా షాపులు. బస్సు ఎక్కడ ఆగినా వాళ్ళ బేరం వాళ్ళకుంటుంది. బస్సునే నమ్ముకున్నది ఒక్కావిడ. మందుల షాపు అరుగు వారన బొగ్గుల పొయ్యి పెట్టి మినపట్లు పోసేది. భర్త లేడు. ఆ పెనం మీదే కూతురికి టీచరు ట్రైనింగు చదివిస్తోంది. నేనూ రోజూ ఆవిడ అట్టు తిన్నవాణ్ణే, పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి.

"ఇదిగో అమ్మా, స్టాపు వంతెన అవతలికి పోతాది" అన్నారు ఇంజనీరుగారు.

"ఆయ్" అంది ఆవిడ, పైట భుజం మీదుగా కప్పుకుని లేచి నిలబడి.

"ఇంక ఈడ బస్సులు నిలబడవు."

"ఆయ్."

"రాసుకోప్పా, అభ్యంతరం లేదు."

ఆవిడ ఒప్పుకోలేదని నాకు తెలుసు. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఎండ మండిపోతోంది, ఇంజనీరుగారు అప్పటికే రెండడుగులు ముందుకు వేసేశారు. అధికారి మాటకు అడ్డం వెళ్ళడం నాకు మాత్రం చేతనవునా? "ఆయ్" అన్నాను. రాశాను.

మర్నాటి నుంచి ఆవిడ ఇంజనీరుగారి కోసం ఎదురు చూడడం మొదలుపెట్టింది. నా అట్టు తిరగేస్తూ రోజూ అడిగేది. "మళ్ళీ ఎప్పుడొత్తారండీ ఆ బాబుగారు? మొన్న చెప్పేరు, విన్నాను. అడగడానికి రావాలి కదండీ?" ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది, నాకు వినిపించింది. "పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడే పోత్తున్నానండి. పొద్దున్న బస్సెక్కే మేస్టర్లందరూ నా అట్టు తినే వెళ్తారండి. మా అమ్మాయికి ఇంకో ఏడాది చదువుందండి. బస్సుని తీసికెళ్తే నా పొయ్యి కూడా తీసికెళ్ళి అక్కడ పెట్టండి అంటాను. బాగుందాండీ?"

"బాగుంది పిన్నిగారూ. వస్తార్లెండి" అనేవాణ్ణి. మూడు వారాలు అన్నాను. సిగ్గు లేకుండా, ఇంకొంచెం పచ్చడి కూడా వేయించుకుని.

ఒక సోమవారం స్టాపు బోర్డు పీకేశారు. ఏడు గంటల బస్సు ఆవిడ పొయ్యి ముందు నుంచే ఆగకుండా వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి పిండి గిన్నె నిండుగా ఉంది, పెనం చల్లగా ఉంది. ఆవిడ నా వైపు చూసి, "అడక్కుండానే తీసేసేరేంటండీ?" అంది. ఇంక 'వస్తార్లెండి' అనడానికి వీల్లేదు. రాసిందంతా చెప్పేశాను. సంచీలో ఉన్న కాపీ తీసి చూపించాను. చదువు రాని మనిషి ఆ వరుస మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"మీ దస్తూరి ఎంత బాగుందండీ" అంది. "ఇంత మంచి దస్తూరితో నా మీద అబద్ధం రాసేరా?"

తిట్టినా బాగుండేది. ఆ మాట తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు మొహం వేడెక్కుతుంది.

నేరుగా వెళ్ళి ఇంజనీరుగారి ముందు నిలబడ్డాను. 'ఆయ్' అంటే ఏమిటో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచేశారు. "నువ్వీ ఊరోనివే గదా! ఆ పొద్దే చెప్పల్ల గదా!" అని అరిచారు. అరుస్తూనే చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరం వెళ్ళాం. ఆయన్ని చూడగానే ఆవిడ బెంచీ తుడిచి కూర్చోమంది. "నీకు ఇష్టమా, కాదా? ఉన్నదున్నట్టు చెప్పమ్మా" అన్నారాయన.

మూడు వారాలు తయారైన మనిషి తల వంచుకుని, "తమరెలా అంటే అలాగేనండి" అంది.

ఇంజనీరుగారు నా వైపు చూశారు. ఈసారి నేనే అన్నాను. "ఆవిడకి ఇష్టం లేదండి."

నేను అన్నాక ఆవిడ తలెత్తింది. "లేదండి" అంది చిన్నగా. "అస్సలు ఇష్టం లేదండి" అంది ఇంకాస్త పెద్దగా. ఆ తరవాత పద్నాలుగేళ్ళు, మేస్టర్లు, కూతురి చదువు, అన్నీ వచ్చాయి. నాకు వినిపించనివి కూడా వచ్చాయి. మురుగు కాలవ రెండుసార్లు తవ్వినందుకు కూడా కడిగేసింది.

స్టాపు వెనక్కి రాదని ఇంజనీరుగారు చెప్పారు. కానీ ఆ సాయంత్రమే ఆవిడను వంతెన అవతలకు తీసుకెళ్ళి, కొత్త షెడ్డు పక్కన నాలుగడుగుల చోటుకు కూలీ చేత సున్నంతో గీత గీయించారు. సరేనా అని అడిగారు. ఆవిడ గీత లోపల నిలబడి, చేతులు చాపి అటూ ఇటూ కొలుచుకుంది.

"చాలదండి. బెంచీ పట్టదు" అంది.

ఇంజనీరుగారు ఆ గీతను చెప్పుకాలితో చెరిపేసి, అడుగు జరిపి మళ్ళీ గీయించారు.