పిన్నిగారి ఇంట్లో సామాను అమ్మకం

మా పక్క క్వార్టరులో ఉండిన పిన్నిగారు పోయారని విజయనగరం నుంచి కార్డు వచ్చింది. పోయిన పన్నెండు రోజులకు రాశారు. కాలనీలో అందరికీ చెప్పమని చివర ఒక ముక్క. చెప్పాను. "అయ్యో, ఎంత మంచి మనిషి!" అన్నారందరూ. ఆ మాట వింటే ఒళ్లు మండింది. ఆవిడకి మేం చేసిందేమిటో మాకు తెలుసు.

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరు రిటైరైనా, ఎవరికి బదిలీ అయినా, సామానంతా మోసుకుపోలేక ఇంట్లోనే అమ్మేసేవారు. ఆ అమ్మకం నడపడానికి పిన్నిగారు ఉండాల్సిందే. రెండు రోజుల ముందే వచ్చి ఇత్తడి గిన్నెలు చింతపండు పెట్టి తోమేవారు, మంచాలకి నవారు బిగించేవారు. శుక్రవారం మనవాళ్లు ఇంట్లోంచి వస్తువు బయటికి పంపరు, కొనేవాళ్లకి సెలవూ ఉండాలి, కాబట్టి ఆదివారమే ముహూర్తం. దేన్నీ కుప్పపోయనిచ్చేవారు కాదు. స్టవ్వు అమ్మాలంటే దానిమీద టీ కాగుతుండాలి, ఫ్యాను అమ్మాలంటే అది తిరుగుతుండాలి. "పాత సామాను అనకండి, వాడిన సామాను అనండి" అని ఇంటివాళ్లని కసిరేవారు.

బీర్‌గావ్ నుంచి ఫ్యాక్టరీ పనివాళ్లు, భన్‌పురి నుంచి లారీలవాళ్లు వచ్చేవారు. ఒకసారి ధర్సీవా నుంచి వచ్చిన ముసలమ్మ ఒకావిడ బిందె పట్టుకుని "కతేక్ కే హే, బాయీ?" అని ధర అడిగింది. పిన్నిగారు ధర చెప్పలేదు. బిందె నిండా నీళ్లు పోసి, "ఉఠాకే దేఖో అమ్మా, ఎత్తి చూడు, చుక్క కారితే ముఫత్‌లో పట్టుకుపో" అన్నారు. ముసలమ్మ నవ్వుతూ బిందె కొనుక్కుపోయింది.

అమ్మేవాళ్లకి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పేవారు. "ఖాళీ చేసే తారీఖు నోటెంట రానీకండి. తెలిసిందంటే ధర దిగే ఆఖరి సాయంత్రం దాకా ఎవడూ కొనడు."

ఆ తరవాత బాబాయిగారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. పిల్లల్లేరు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పెన్షను కాగితాలు ఎప్పటికి కదులుతాయో తెలీదు. పిన్నిగారి తమ్ముడు విజయనగరం వచ్చేయమన్నాడు. ఆవిడకి ఇష్టం లేదు.

"మావోడు మంచోడేనే. మరదలి వంటింట్లో ఎన్నాళ్లని నిలబడతాను, ఏటి? బీర్‌గావ్‌లో ఒక గది చూశాను. మంచం, బీరువా అమ్ముడైతే అడ్వాన్సు ఇచ్చేస్తాను. కుట్టుమిషనుంది గదా, నా గంజి నేను తాగుతాను" అన్నారు నాతో.

ఆదివారం అమ్మకం పెట్టారు. స్టవ్వు మీద టీ కాగింది, ఫ్యాను తిరిగింది. మేమంతా వెళ్లాం. టీ తాగాం. బీరువా తలుపులు తీసి చూశాం, మూసి వచ్చేశాం. తారీఖు కాలనీ అంతటికీ తెలుసు. మా నోళ్ల ద్వారా బయటివాళ్లకీ తెలిసింది. ఆవిడ నేర్పిన విద్య ఆవిడ మీదే వాడాం. ఆ బీరువా మీద నాకు ఎన్నాళ్లుగానో కన్నుండేది. నేనూ ఆగాను. మా ఆయన ఆగమన్నారని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. ఆ బుద్ధి నాకే పుట్టింది.

ఆఖరి సాయంత్రం అందరం ఒక్కసారే దిగాం. సగం ధరకి నేను బీరువా తీసుకున్నాను. అప్పటికే బీర్‌గావ్ గది వేరేవాళ్లకి ఇచ్చేశారని కబురొచ్చింది. పొద్దున్న బండికి ఆవిడ విజయనగరం వెళ్లిపోవాలి.

"మిషను కూడా పట్టుకుపోవే. మా మరదలికి ఆ చప్పుడు పడదట" అన్నారు.

వద్దనలేదు నేను. దానికీ సగమే ఇచ్చాను. పిన్నిగారి అమ్మకం భలే జరిగిందనీ, ఒక్క గిన్నె కూడా మిగల్లేదనీ తరవాత కాలనీలో చాలా రోజులు చెప్పుకున్నారు. అనుభవంతో చెప్తున్నాను, ఆ సాయంత్రం కొన్న సరుకు ఏదీ నాకు సుఖాన్నివ్వలేదు.

ఆవేళ మిషను ఎత్తబోతుంటే సూది కింద నేను కుట్టమని ఇచ్చిన జాకెట్టే ఉంది. ఒక చెయ్యి అతికించారు, రెండోది మిగిలింది.

"పది నిమిషాలు ఆగవే, ఇది పూర్తి చేసిచ్చేస్తాను."

"కూలీలు ఆగరు పిన్నిగారూ" అన్నాను. ఇద్దరు కూలీలూ గుమ్మం దగ్గర నింపాదిగా బీడీలు కాల్చుకుంటున్నారు.

ఆవిడ వాళ్లకేసి చూశారు. దారం తెంపి, జాకెట్టు తీసి, మిషనుకి మూత పెట్టి, పక్కకి జరిగారు.

మిషను మా ఇంట్లో దింపించి ఇవతలికి వచ్చి చూశాను. ఖాళీ వరండాలో గచ్చు మీద కూర్చుని, మిగిలిన ఆ కాస్త వెలుతురులోకి సూది ఎత్తి పట్టుకుని పిన్నిగారు దారం ఎక్కించుకుంటున్నారు. ఒళ్లో నా జాకెట్టు.