నూనె వద్దన్న అక్క

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. మరి జుట్టు లేనమ్మ ఏం చేస్తుంది? తలనూనె కంపెనీలో కూర్చుని ఊళ్లో వాళ్లందరి జుట్టుకీ సలహాలు చెబుతుంది. నవ్వకండి, ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషి సంగతే చెబుతున్నాను.

ఇంటర్నెట్‌లో ఆ కంపెనీ పేజీ మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉండేది. నడుం దాటిన జడ, బుగ్గన సొట్ట, కింద 'అక్క' అని పేరు. జనం ఆ బొమ్మని అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసేది ఈవిడ. ఈవిడ పాపిడేమో రోడ్డంత వెడల్పు.

"పొరపాటున నీ ఫొటో పెట్టారంటే మర్నాడే కంపెనీకి తాళం" అని స్కూలు వ్యాను నడిపే మొగుడు ఏడిపించేవాడు.

"మీ బట్టతల చూసి వ్యాను ఆగిపోయిందా ఏంటి?" అని ఈవిడ చురక అంటించేది.

ఆఫీసులోనూ అందరికీ ఆవిడ అక్కే. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, కొన్నాళ్లకి ఆవిడా పట్టించుకోవడం మానేసింది.

లిఫ్టు పక్కన కిటికీ లేని గది వాళ్లది. వీడియోలు కత్తిరించే కుర్రకారు ఒక పక్క, ఈ వారం జనం దేని వెంట పడుతున్నారో కనిపెట్టేవాళ్లు ఇంకో పక్క. నిన్నటిదాకా పెద్ద పెద్ద తారలు చెబితే కొనేవారట. ఇవాళ నైటీలో నిలబడి ఎవరో పక్కింటావిడ చెబితేనే కొంటారట. రేపటి సంగతి దేవుడెరుగు. "జనానికి ప్రకటన మొహం మొత్తిందక్కా. ఇప్పుడు చుట్టరికం కావాలి" అన్నాడు మేనేజరు ఒక రోజు. అక్క మురిసిపోయింది. వరస కలపడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. "అక్కా ఉన్నావా?" అని ఎవరు పలకరించినా "ఉన్నాను తల్లీ. తిన్నావా?" అని మొదలుపెట్టేది. ఆవిడ అమ్మ ఫోనెత్తితే అనే మాట అది.

అలా పలకరించిన వాళ్లలో ఒక పిల్ల ఉంది. పేరు బదులు పిచ్చుక బొమ్మ పెట్టుకుంది కాబట్టి అక్కకి ఆ పిల్ల పిచ్చుకే. ఏదో పెద్ద జబ్బుకి వైద్యం చేయించుకుంటే జుట్టంతా ఊడిపోయింది. నెత్తి మీద చర్మం పచ్చిపుండులా ఉంది. "అక్కా, మీ నూనె రాస్తే వస్తుందా?" అని అడిగింది.

వస్తుందని రాయాలి. రాయమనే జీతమిచ్చేది. అక్క వేళ్లు ఆడలేదు. "వద్దు తల్లీ. ఆ తల మీద ఈ నూనె పడితే పుండు మీద కారం చల్లినట్టే. డాక్టరు సరే అనేదాకా ముట్టుకోకు" అని రాసేసింది. రాశాక భయంతో వెనక్కి తిరిగి చూసుకుంది కూడా.

ఆ తర్వాత పిచ్చుక రోజూ వచ్చేది. ఆ పిల్లకి అమ్మ లేదు, నాన్నకి మాటలు రావు, అంటే మూగవాడని కాదు, ఏం మాట్లాడాలో తెలియని మనిషి. ఒకరోజు "అద్దం చూడలేకపోతున్నా అక్కా. దానికి దిండు గలీబు తగిలించేశా" అని రాసింది. "ఏ రంగుది?" అంది అక్క. "నీలం." "పోనీలే, అద్దానికి కొత్త బట్టలు. జుట్టొచ్చాక ఉతికి మళ్లీ దిండుకి తొడుగుదువుగాని. నూనె జోలికి మాత్రం వెళ్లకు సుమా." పిచ్చుక నవ్వుతున్న బొమ్మ పంపింది. ఆ పూట అక్క మొగుడితో కూడా పోట్లాడలేదు.

అంతలో కొత్త గాలి వచ్చింది. "ఇక జవాబులు మెషీనే రాస్తుందక్కా. నీ పాత జవాబులతోనే దానికి నేర్పిస్తాం. బాగున్నవి ఏరి ఇవ్వు, నీకే పని తేలికవుతుంది" అన్నాడు మేనేజరు. కూర్చున్న కొమ్మనే నరుక్కోమంటున్నాడని ఆవిడకి తోచలేదు. తోచింది వేరే. పిచ్చుకతో మాటలన్నీ వీళ్లు చదువుతారు. కంపెనీ ఉప్పు తింటూ కంపెనీ నూనె వద్దన్నానని తెలుస్తుంది. ఉద్యోగం ఊడుతుంది.

మొత్తం తీసేస్తే పోయేది కదా! కానీ ఆవిడ ఆలోచన ఇంకోలా పోయింది. తను సెలవు పెట్టిన రోజున ఆ మెషీను పిచ్చుకతో కరుగ్గా మాట్లాడితే? పిల్ల బెంగ పెట్టుకోదూ? అందుకని ప్రేమ మాటలన్నీ ఉంచింది. తిన్నావా ఉంచింది, నీలం గలీబు ఉంచింది. 'నూనె వద్దు' అన్న మాట ఎక్కడుంటే అక్కడ తుడిచేసి, "ఇది చాలా బాగుంది" అని గుర్తు పెట్టి ఇచ్చింది. అయ్యో, ఎంత పిచ్చిది! తన తెలివికి తనే సంతోషించింది కూడా.

నేర్పడం అయిపోయిన వెంటనే మేనేజరు పిలిచాడు. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. కుర్చీ దగ్గరికి తిరిగొచ్చేసరికి కంప్యూటరు ఆవిడని లోపలికి రానివ్వలేదు.

"ఒక్క పిల్లకి ఒక్క మాట చెప్పి వెళ్తాను బాబూ. వెళ్లిపోతున్నానని."

"ఎవరికి చెప్పాలక్కా? అక్క ఎక్కడికీ పోవట్లేదుగా!" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఓదార్చాననుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో, సొంత ఫోనులో ఆ పేజీ తెరిచింది. కొత్త వీడియో కింద అందరికీ కనపడేలా పిచ్చుక రాసి ఉంది: "అక్కా, నువ్వు ఇన్నాళ్లకి నూనెకి సరేనన్నావు. నిన్న రాసుకున్నా. బాగా మండుతోంది. మామూలేనా?"

కింద జడ బొమ్మ జవాబు: "ఉన్నాను తల్లీ. తిన్నావా? మొదట్లో అలాగే ఉంటుంది, మానకు. రెండో సీసాతో దువ్వెన ఉచితం."

అక్క మేనేజరుకి ఫోను చేస్తే ఎత్తలేదు. పిచ్చుకకి విడిగా రాద్దామంటే తెలియని వాళ్ల మాటలు రాకుండా ఆ పిల్ల ముందే ఆపేసుకుంది. ఇక అందరి ముందే, ఫోనులో రాసే అలవాటు లేక ఒంటి వేలితో కొట్టింది: "తల్లీ, నేను అసలు అక్కని. ఆ రాసేది మెషీను. వెంటనే కడిగేసుకో. డాక్టరు దగ్గరికి వెళ్లు."

చూసినవాళ్లు ఊరుకుంటారా? "ఇంకో అక్క బయల్దేరింది" అని ఒకడు, "పోటీ కంపెనీ వాళ్లు ఎంతిచ్చారేంటి?" అని ఇంకొకడు. పిచ్చుక మాత్రం అడిగింది: "ఇద్దర్లో మా అక్క ఎవరైతే వాళ్లు చెప్పండి. నా అద్దానికి ఏం కప్పాను?"

అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఈ సంగతి తనకి తప్ప ఇంకెవరికి తెలుసు? కళ్లజోడు సరిచేసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'నీలం' దాకా వచ్చింది.

ఆలోపే జడ బొమ్మ పలికింది: "నీలం దిండు గలీబు కదా తల్లీ. పోనీలే, అద్దానికి కొత్త బట్టలు."

"మా అక్క ఈవిడే" అని జడ బొమ్మకి రాసింది పిచ్చుక. తర్వాత అసలు అక్కకి: "జబ్బు మనుషులతో ఇలాంటి ఆటలేంటండీ? మీకు పిల్లల్లేరా?"

అక్క "నూనె వద్దు" అని కొట్టి పంపబోయింది. పోలేదు. పేజీ ఆవిడ రాసినవన్నీ తీసేసి, ఇక అందరి ముందూ రాయనివ్వకుండా ఆపేసింది.

ఒక్క దారి మిగిలింది. పేజీకి మాత్రం విడిగా రాయొచ్చు. ఎవరో ఒక మనిషి చూడకపోతాడా అనుకుంది. "బాబూ, ఆ పిల్లకి నూనె మానమని చెప్పండి. తప్పు నాదే, నేనే తుడిచేశాను. మీ కాళ్లు పట్టుకుంటాను" అని రాసింది.

జవాబు వెంటనే వచ్చింది.

"ఉన్నాను తల్లీ. తిన్నావా?"

అమ్మ మాట. అమ్మ పోయాక ఆ మాట తనని ఎవరూ అడగలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని అక్క బావురుమంది. మొగుడు పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి ముందు ఉంచాడు గానీ, ఆవిడ ముట్టుకోలేదు.