ఆయన ఒళ్లో నా సంచి

రంగూన్ బస్సుల్లో నిలబడ్డవాళ్ల సంచులు కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకుంటారు. ఆ రోజు చేయి కదపలేనంత కిక్కిరిసిన బస్సు పబేడాన్ పేటలో ట్రాఫిక్‌లో ఆగిపోయింది. నా సంచి ఓ ముసలాయన ఒళ్లో ఉంది.

పక్కనున్న నా స్నేహితుడు తెలుగులో, "దరలు ఊరికే మండిపోతన్నాయేటి? లోకంలో డబ్బంతా ఆ యూదోళ్ల గుప్పిట్లోనే ఉందిరా," అన్నాడు. ఎప్పటిలాగే నవ్వాను.

ముసలాయన తలెత్తాడు. "మా ఈదంతా తెలుగోళ్ల కొట్లే బాబూ. నాను యూదోణ్ణే," అన్నాడు తెలుగులోనే. "ఎవడైనా నిన్ను 'కలా' అని తిడితే, నీ బర్మా నేస్తులు ఇలాగే నవ్వుతారేటి?"

'కలా' అంటే అక్కడ ఇండియావాళ్లని తిట్టే మాట. నవ్వుతారు. నాకు తెలుసు.

దిగిపోదామన్నా సంచి ఆయన దగ్గరే ఉంది. మా స్టాపు వచ్చాక రెండు చేతులతో అందించాడు.

మొన్న మావాడు మళ్లీ అదే మాటన్నాడు. నేను నవ్వలేదు. కాదని కూడా అనలేదు. సంచి ఇంకా ఆయన ఒళ్లోనే ఉన్నట్టనిపించింది.