మా అత్త కావాలని పెట్టిన చిల్లు

మా మేనత్త తెరచాపలు కుడుతుంది. రేవులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు గానీ, "చాపలత్త" అంటే చాలు, షెడ్డు దాకా తీసుకొచ్చి దిగబెడతారు. పొడవాటి రేకుల షెడ్డు, నేలంతా పరిచిన తెల్ల గుడ్డ, దాని మధ్యలో చెప్పులు విప్పి కూర్చున్న అత్త. ఎవరైనా చెప్పులతో ఆ గుడ్డ మీద కాలు పెట్టారో, వాళ్ళకి తలంటే. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆమె కుట్టిన గుడ్డలో నీళ్ళు పోసి వేలాడదీస్తే మర్నాటికి కూడా చుక్క కారదని రేవులో చెప్పుకుంటారు. అది నిజమే. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి ఆమె గురించి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది.

మావయ్యకు ఒక చిన్న తెరచాప పడవ ఉంది. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి. తల వంచకుండా నిలబడాలంటే పొయ్యి ముందు తప్ప చోటు లేదు. సెలవు వస్తే ఇద్దరూ పడవేసుకుని కొండ పక్కనున్న సముద్రపు వంపులోకి వెళ్ళి లంగరు దింపేవారు. ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉండే ఆ ఇద్దరూ పడవ ఎక్కితే కొత్త దంపతుల్లా గుసగుసలాడుకునేవారు. మేమంతా నవ్వుకునేవాళ్ళం.

ఆ వంపులో ఒక చిక్కు ఉంది. లంగరు వేసిన పడవ ముక్కు గాలికి ఎదురుగా తిరిగి నిలబడుతుంది. అల మాత్రం కొండ చుట్టూ తిరిగొచ్చి పక్క నుంచి తగులుతుంది. తగిలినప్పుడల్లా పడవ ఇటూ అటూ ఊగిపోతుంది. ప్రయాణంలో ఉన్నంతసేపూ చాపలో నిండిన గాలి పడవను ఒక పక్కకి ఒరగబెట్టి పట్టుకుంటుంది. లంగరు దగ్గర పట్టుకునే దిక్కు ఉండదు.

పోయిన వానాకాలంలో అలాంటి ఊపు ఒకటి వచ్చి, టీ పెడుతున్న మావయ్యను విసిరికొట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆ రోజు వాళ్ళ కూతురు, అంటే మా వదిన, కూడా పడవలోనే ఉంది. నొప్పితో అరుస్తున్న తండ్రిని చిన్న తెడ్డు పడవలోకి దింపి ఒడ్డుకు చేర్చింది ఆమే. అప్పటి నుంచి మావయ్య లేచి నిలబడితే చాలు, వదిన చెయ్యి ఆయన వీపు వెనక్కి వెళ్ళిపోయేది. తాకేది కాదు, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉండేది.

"పడవ అమ్మేద్దాం నాన్నా. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టరు చెప్పాడుగా" అంది వదిన ఒకరోజు.

కర్రతో బాగానే నడుస్తున్న మావయ్య, ఆ మాట వినగానే ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. అది అత్త చూసింది.

"పడవ ఎందుకు అమ్మడం? ఆ ఊగుడు మాన్పిస్తే పోలా?"

"సముద్రానికి చెప్పి మాన్పిస్తావా అమ్మా?"

"సముద్రంతో నాకేం పనే? పడవ సంగతి నేను చూసుకుంటా."

వదిన మొండిది, తల్లి పోలికే. "సరే, ఒక్కసారి ఆ వంపులోకి వస్తాను. నాన్న దేన్నీ పట్టుకోకుండా నిలబడగలిగితే ఇంక అమ్మకం మాట ఎత్తను. లేదంటే నువ్వు అడ్డు చెప్పకూడదు" అంది. తాడో పేడో తేలిపోనీ అంది అత్త.

లంగరు తాడుకి ఇంకో తాడు ముడేసి, దాన్ని పడవ వెనక్కి లాగి కట్టి, ముక్కును అల వైపు తిప్పడం అందరికీ తెలిసిన ఉపాయమే. వాళ్ళూ చేసి చూశారు. గాలి మారగానే కథ మళ్ళీ మొదటికొచ్చింది. అందుకని అత్త ఈసారి ఇంకో దారి పట్టింది. నాలుగు కర్రల చట్రానికి మందపాటి గుడ్డను బిగించి, మునిగేలా సీసం బరువు కట్టింది. పడవ పక్క నుంచి బయటికి ఒక పొడుగాటి బొంగు చాపి, దాని చివర నుంచి ఈ చట్రాన్ని నీళ్ళలో లోతుగా, అడ్డంగా వేలాడదీయాలి. పడవ అవతలికి ఒరగబోతే చట్రం పైకి లేవాలి. మీదున్న నీళ్ళు దాన్ని లేవనివ్వవు. అప్పుడు పడవ కూడా ఒరగలేదు. గుడ్డను రెండు పొరలు వేసి, తెరచాప కంటే గట్టిగా కుట్టింది.

అందరం వెళ్ళాం. అల బాగానే ఉంది. అత్త చట్రం దింపి, చేతులు దులుపుకుని, విజయగర్వంతో కూతురి వైపు చూసింది.

పడవ ఊగడం మానలేదు సరికదా, కొత్తగా ఒక కుదుపు మొదలైంది. పడవ ఇటు, చట్రం ఉన్న వైపు, ఒరిగినప్పుడు అది కిందికి దిగకుండా నీళ్ళలో పళ్ళెంలా ఆగిపోయేది. తాడు వదులయ్యేది. మళ్ళీ అటు ఒరగగానే తాడు ఒక్కసారిగా బిగుసుకుని పడవంతా ధన్‌మని అదిరేది. మావయ్య పడక అంచు గట్టిగా పట్టుకున్నాడు. వదిన మొహం పాలిపోయింది.

"చాలమ్మా, వెళ్దాం" అంది.

మావయ్య ఆ స్థితిలో కూడా వేళాకోళం మానలేదు. "మీ అమ్మ కుట్టులో గాలే దూరదు, ఇంక నీళ్ళెక్కడ దూరతాయే!"

అత్తకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తాడు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత చట్రం పైకి లాగమని, కత్తి ఇమ్మని నన్ను అడిగింది.

"అత్తా, కొయ్యకు! అంత బాగా కుట్టావు" అన్నాను. నిజంగానే నాకు ప్రాణం ఉసూరుమంది.

"బాగా కుట్టడమే తప్పయిందే. దిగేటప్పుడు నీళ్ళకి దారి ఇవ్వాలి, లేచేటప్పుడు ఆ దారి మూసెయ్యాలి" అంది.

చిల్లు లేని పనికి పేరుపడ్డ మనిషి, తన చేత్తో గుడ్డ నడిమధ్య నలుచదరంగా కోసేసింది. ఆ చిల్లు కంటే పెద్ద ముక్కను మూతలా పైన పరిచి, ఒక్క అంచు మాత్రం కుట్టి, మిగతా మూడూ వదిలేసింది. పడవ ఊగుతూనే ఉంది, ఆమె సూది మాత్రం తడబడలేదు. ఆ కాసేపు ఆమె మేనకోడలినైనందుకు నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు.

చట్రం మళ్ళీ దింపాం. ఈసారి పడవ ఇటు ఒరగగానే మూత తెరుచుకుని చట్రం గబుక్కున దిగింది. అటు ఒరగబోతే మూత పడిపోయి నీళ్ళను పట్టేసింది. తాడు బిగిసి మూలిగింది. పడవ కాస్త వంగి, ఆగి, మెల్లగా నిలబడింది. ఊపు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఉయ్యాలలా ఊగేది కాస్తా ఇప్పుడు ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది.

మావయ్య కర్ర పక్కన పెట్టాడు. పొయ్యి ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అలలు వచ్చిపోతూనే ఉన్నాయి. ఆయన అలాగే టీగిన్నె కడిగి, నీళ్ళు పెట్టి, పొయ్యి వెలిగించాడు. దేన్నీ పట్టుకోలేదు. పైకి వినపడేలా "మా ఆవిడ కుట్టిందండోయ్!" అని పక్క పడవ వాళ్ళకి ఒక కేక కూడా వేశాడు.

వదిన చెయ్యి ఆయన వీపు వెనకే ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తనే ఆ చేతిని చూసుకుని, దించి, పడక మీద కూర్చుంది.

"అమ్మా, రెండో పక్కకి కూడా ఒకటి కుట్టు" అంది. "వచ్చే సెలవుకి పిల్లల్ని తీసుకొస్తాను."