కొత్త ఒడ్డుకే పైసలు

మొన్న రైతువేదికలో వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన ఒక పిల్ల, మా చిన్న కూతురి ఈడుదే ఉంటుంది, చేన్లకు ఒడ్లు, అదే గట్లు, పోసుకుంటే సర్కారు మళ్లీ సబ్సిడీ ఇస్తుందని, మట్టిని కాపాడుకోవాలని ఎంతో ఓపికగా చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచింది. నవ్వైతే ఆపుకున్నాను గానీ, ఇంటికొచ్చేదాకా మనసులో ఆ పిల్లతో వాదిస్తూనే ఉన్నాను. కాపాడడానికి ముందు మట్టి ఉండాలి కదా తల్లీ!

మాది ఆదిలాబాద్ అవతల వాలు నేల. పైన మా బాపు వాళ్ల అన్న, పెద్దబాపు చేను, కింద మాది, నడుమ మా తాత పేర్చిన రాతి ఒడ్డు. మీరూ చూసే ఉంటారు అలాంటివి, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి, సందుల్లో గడ్డి. నీళ్లు దాటిపోతాయి, మట్టి మాత్రం ఆగుతుంది. ఏటా మిరుగం కార్తెకు ముందు, ఎండ ఇంకా మాడు పగలగొడుతుండగానే, ఊళ్లోవాళ్లు ఒకరి చేనుకు ఒకరు బదులుకు పోయి, జారిన రాళ్లను ఎత్తి పెట్టేవారు. కూలి లేదు, ఎవరి చేనైతే వాళ్లది అన్నం. మా అవ్వ జొన్నరొట్టెలు కొట్టి కొట్టి చేతులు పడిపోయాయని తిట్టుకుంటూనే, తక్కువైతే పరువు పోతుందని ఇంకా పిండి తీసేది. నేను, పెద్దబాపు కూతురు చిన్న రాళ్లు అందించేవాళ్లం. పనికంటే మా పోట్లాటే ఎక్కువ.

అప్పుడే వచ్చింది ఆ స్కీము. మట్టి కొట్టుకుపోకుండా ఒడ్డు వేసుకుంటే పైసలు. మంచిదే, ఎవరు కాదంటారు! కానీ కొలతలకు వచ్చినవాళ్లు కొత్త ఒడ్డుకే ఇస్తాం, ఉన్నదానికి ఇవ్వం అన్నారు. ఇంకేముంది, నిక్షేపంగా ఉన్న ఒడ్లను ఊళ్లో సగం మంది పీకేశారు. మా నడుమ ఉన్న ఒడ్డు పెద్దబాపు వాటాలోది, ఆయనా పీకుతానన్నాడు. మా బాపు కాళ్లావేళ్లా పడ్డాడు.

"అన్నా, నాయిన పేర్చింది, జర ఆగు. గిది పోతే నా చేను నిలువది."

"నువ్వెందుకు ఫికర్ చేస్తవ్‌రా, దీనికంటే ఎత్తుగ పోపిస్త" అన్నాడు పెద్దబాపు. నిజంగా అలాగే అనుకున్నాడు కూడా. చెడ్డవాడు కాదు, అందరికీ వస్తున్నది తనకెందుకు రావద్దు అనుకున్నాడు, అంతే.

రాళ్లు ట్రాక్టరెక్కి ఎవరి ఇంటి పునాదికో పోయాయి. వాటి చోట మిషన్‌తో మెత్తటి మట్టి పోసి, ఫోటో తీసుకుని పోయారు. మొదటి వానకు అది నానింది, మరుసటి వానకు తెగింది, పై చేని నీళ్లన్నీ మా చేనులోంచి వాగులా పారాయి. బాపు ఆ నీళ్లకు అడ్డం నిలబడి, పారతో మట్టి ఎగదోస్తూ, మా అందరి ముందే ఏడ్చాడు. పెద్దబాపు వచ్చి గట్టున తలకాయ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏటి నుంచి బదులుకు పోవడం కూడా ఆగిపోయింది. బాపు ఎవరిని పిలిచినా, వచ్చే ఏడు మళ్లీ స్కీము పడుతదట, ఉత్తగ ఎందుకు చేసుడు, జర ఆగు అనేవారే. స్కీము కొన్నేళ్లు వచ్చింది, కొన్నేళ్లు రాలేదు. వాన మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. బాపు పోయేనాటికే నాగలి రాళ్లకు గీరుకునేది. ఇప్పుడైతే పత్తి గింజ పెడదామన్నా వేలికి రాయే తగులుతుంది.

మీటింగుకు పోయి వచ్చిన మర్నాడు ఏమనిపించిందో, చేనుకు పోయి, తేలిన రాళ్లు ఏరి వరుసగా పెట్టడం మొదలుపెట్టాను. ఒక పెద్ద రాయి లేవలేదు, నడుము పట్టేసింది. పై చేనులో పెద్దబాపు మనవడు ఫోను మాట్లాడుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. వాడి తప్పేముంది, ఒక్క కేక వేస్తే దిగి వచ్చి పట్టేవాడేమో. ఒకప్పుడు ఊరంతా వినపడేలా పిలుచుకున్న మనుషులం. ఎంతసేపు నిలబడ్డా ఆ కేక నా నోట రాలేదు. రాయిని అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాను.