శాలువాలు కోసి కుట్టిన పుస్తకాలు

మా అమ్మమ్మ దేముడమ్మకు చదువు రాదు. అయినా కూర్మన్నపాలెం మొత్తం మీద పుస్తకాలు తయారుచేసే మనిషి ఆవిడొక్కర్తే. ఆ పుస్తకాల్లో ఒక్క అక్షరం ఉండదు. వాటిని ఉతుక్కోవచ్చు, పిండుకోవచ్చు, తీగ మీద ఆరేసుకోవచ్చు. చదివేవాళ్ళు చొంగ కార్చినా, అంచులు నమిలినా వాటికేం కాదు.

రెండు మూడేళ్ళ పిల్లల కోసం బట్టతో కుట్టే పుస్తకాలవి. పేజీకో పని ఉంటుంది. ఒక పేజీలో చొక్కాకు గుండీలు పెట్టాలి. ఇంకో పేజీలో బూటుకు లేసు కట్టాలి. సిటీ బస్సు పేజీలో కిటికీ రెక్కలు ఎత్తితే లోపల మనుషుల మొహాలు కనిపిస్తాయి. అందరివీ సీటు దొరకని మొహాలే. వల లాగితే చేప బయటికొస్తుంది.

ఆఖరి పేజీ మాత్రం అమ్మమ్మ సొంత ఊహ. స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే కొలిమి. బూడిద రంగు గుడ్డతో పొడుగ్గా కొలిమి, నడుమ రెండు నల్ల గుండీలు, పైన అడ్డంగా జిప్పు. జిప్పు తీసి లాగితే కరిగిన ఇనుములా ఎర్ర గుడ్డ బయటికొస్తుంది. ఆ పేజీ కుట్టే ముందు అమ్మమ్మ పద్ధతిగా తాతను అడిగింది.

“ఏటి మావా, కరిగిన ఇనుము కొలిమిలోంచి ఎటునుండి వత్తాది?”

“పైనుండే. పాలు పొంగినట్టు పొంగి వత్తాది. నాను దగ్గరుండి సూసినోణ్ణి కాదేటి?” అన్నాడు మా తాత పైడయ్య, పేపరు మడిచి మరీ. ముప్ఫై నాలుగేళ్ళు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి మాట కాదనేదెవరు?

నలభై ఏళ్ళపాటు అమ్మమ్మ వీధిలో వాళ్ళ జాకెట్లు కుట్టింది, చీరలకు ఫాల్స్ వేసింది. ఎవరెంత లావెక్కారో మిషను తొక్కుతూ పైకే చెప్పేది కాబట్టి గిరాకీ తగ్గింది. అలాంటప్పుడు మా అక్క కొడుకు ఫోను చూపిస్తే గాని ముద్ద మింగనని మొండికేశాడు. తాత పాత డ్యూటీ ప్యాంటును అమ్మమ్మ కోసి, దాని జిప్పూ గుండీలూ పెట్టి నాలుగు పేజీలు కుట్టి వాడి ముందు పడేసింది. వాడు పావుగంట ఫోను అడగలేదు. మా అక్క ఆ పావుగంట ఏం చెయ్యాలో తెలియక తన ఫోను చూసుకుంది.

అక్క ఉండేది మధురవాడలో. వాళ్ళ అపార్టుమెంటు కింద గ్రేసీ మేడమ్ పిల్లల బడి పెడుతోంది. పేరు పలకడానికే ఒక ఏడాది చదవాలి, అంత పొడుగు ఇంగ్లీషు పేరు. ఆవిడ ఆ పుస్తకం చూసి, “ఆంటీ, ఇది మీరే కుట్టారా? నాకు పన్నెండు కావాలి. సోమవారం ఓపెనింగు. తొమ్మిదికల్లా పిల్లల చేతుల్లో ఉండాలి. లేటయితే ఆన్‌లైన్‌లో తెప్పించేసుకుంటా” అంది.

నలభై ఏళ్ళలో అమ్మమ్మను ఎవరూ “ఇది నువ్వే కుట్టావా” అని మెచ్చుకుంటూ అడగలేదు. అడిగినప్పుడల్లా చంక దగ్గర బిగుతైంది అని చెప్పడానికే అడిగారు. ఆ రోజు నుంచి ఆవిడకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆగింది మిషను తొక్కుడు పలక మీదే. సోమవారం తొమ్మిది గంటలు అన్న మాట ఇంట్లో అందరికీ వినిపించేలా జపం చేసింది. కుట్టిన ప్రతి గుండీనీ పళ్ళతో పీకి చూసేది. ఊడితే గుండీని తిట్టేది, ఊడకపోతే మావైపు చూసేది, మేం మెచ్చుకోవాలని.

గుడ్డ మాత్రం కొనదు. కొనడం ఆవిడ దృష్టిలో ఓటమి. మా వీధిలో తీగ మీద లుంగీ ఆరేసి లోపలికి వెళ్ళాలంటే జనం రెండుసార్లు ఆలోచిస్తారు. మేడ మీద అద్దెకుండే నాగబాబు తన గళ్ళ లుంగీని చేప కడుపులో గుర్తుపట్టి నోరెళ్ళబెట్టాడు. “సిరిగిపోయిందే కోసినాను” అంది అమ్మమ్మ. “సిరగలేదు కదప్పా” అన్నాడతను. “ఇప్పుడు సిరిగింది కదా” అంది.

అన్నీ దొరికాయి, కొలిమిలోంచి కారే ఎర్ర గుడ్డ మాత్రం దొరకలేదు. మెరుపులు కూడా ఉండాలట, నిప్పురవ్వల కోసం. ఆవిడ కళ్ళు తాత ఇనప్పెట్టె మీద పడ్డాయి.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. తాత రిటైరైన కొత్తలో విశ్రాంత ఉద్యోగుల సంఘంలో చేరాడు. నెలకో మీటింగు. ప్రతి మీటింగుకూ ఒక సంచితో వెళ్ళి, జరీ అంచు శాలువాతో తిరిగొచ్చేవాడు. “ఏటి సేత్తాం, వద్దన్నా కప్పేత్తన్నారు” అని పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఇంత గౌరవం ఈయనకు దేనికిస్తున్నారో మాకు ఎనిమిదేళ్ళుగా అర్థం కాలేదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాం.

గురువారం తాత క్షౌరానికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ పెట్టె తెరిచింది. తాళంచెవి ఎక్కడుంటుందో తెలియని భార్య ఉండదు. ఎనిమిదేళ్ళ సన్మానాలకు లోపల నాలుగే శాలువాలు ఉన్నాయేమిటని ఆవిడకు అనుమానం రావాలి. రాలేదు. మొగుడి శాలువాలంటే తన శాలువాలే కదా అనుకుని నాలుగూ కోసేసింది. ఎర్రవి కొలిమి పేజీలకు, పచ్చవి చేపలకు. పోగులు ఊడకుండా కింద దళసరి గుడ్డ వేసి, అంచులు రెండేసిసార్లు కుట్టింది. శనివారం సాయంత్రానికి పన్నెండు పుస్తకాలూ తయారై మంచం మీద వరసగా కూర్చున్నాయి.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు సంఘం కార్యదర్శి శ్రీరామ్మూర్తి స్కూటరు ఆపకుండానే గుమ్మం దగ్గర అరిచాడు. “బావా! ఆ నాలుగు శాలువాలూ తెచ్చీ బేగి. చీఫ్ గెస్టు కారు గాజువాక దాటేసిందట!”

“ఈయన శాలువాలు నీకెందుకు తమ్ముడా?” అంది అమ్మమ్మ.

“ఆయనవేటప్పా? సంఘంవి కదా. మీటింగులో కప్పుతాం, ఫొటో అయిపోగానే మడతెట్టి తీసేసుకుంటాం. బావ దగ్గర పెట్టె ఉందని ఇక్కడ దాత్తన్నాం. ఆ నాలుగూ కప్పించుకోనోడు కూర్మన్నపాలెంలో ఎవుడున్నాడు?”

“మరి మీ బావకెన్నిసార్లు కప్పినారు?”

“ఒక్కసారి కప్పినాం. ఆ రోజు రావలసినోడు రాలేదు.”

తాత పెరట్లోకి వెళ్ళబోయాడు. అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టె తెరిస్తే కలరా ఉండలు తప్ప ఏమీ లేవు. మంచం మీద పుస్తకాలు చూసి తాతకు విషయం అర్థమైంది.

“ఓలే దేముడమ్మా! సంఘం సొత్తు కోసేసినావా? కుట్లు ఇప్పీ! ఇప్పుడే ఇప్పీ!”

“ఇప్పితే సేప పొలుసులు వత్తాయి. శాలువా వత్తాదేటి? ఎనిమిదేళ్ళు నీకే కప్పినారన్నావు. నీయే అని కోసినాను. అబద్ధమాడింది నువ్వు, దొంగని నానా?”

ఆదివారం ఆ వేళకు తెరిచిన బట్టల కొట్టు లేదు. శ్రీరామ్మూర్తి మంచం వైపు చూశాడు. ఒక పుస్తకం తీసి జిప్పు లాగాడు, ఎర్ర గుడ్డ జారింది. ఆయన మొహం వెలిగింది. “అప్పా, నాలుగు పుస్తకాలిచ్చీ. శాలువా బదులు జ్ఞాపిక అని సెప్పేత్తాం.”

“ముట్టుకున్నావంటే కత్తెర పక్కనే ఉంది. పన్నెండుకి పన్నెండూ రేపు తొమ్మిదికి మధురవాడలో ఉండాలి. ఒక్కటి తగ్గితే ఆ మేడమ్ ఫోన్లో తెప్పించీసుకుంటాది.”

“ఫొటో వరకేనప్పా. ఫొటో అవ్వగానే నీ సేతిలో పెట్టీత్తాం. శాలువాలకీ అదే పద్ధతి కదా.”

అమ్మమ్మ నాలుగు పుస్తకాలు లెక్కపెట్టి సంచిలో వేసింది. “సరే. కానీ నానూ వత్తన్నాను. సంచి కూడా వత్తాది.”

కమ్యూనిటీ హాలు వేదిక మీద నలుగురు పెద్దలు కూర్చున్నారు. ముఖ్య అతిథి కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన పెద్ద ఇంజనీరు, ఎనభై దాటిన మనిషి. మిగతా ముగ్గురూ ఆయన ఈడువాళ్ళు. నలుగురి చేతుల్లో పుస్తకాలు పెట్టారు. ఫొటో తీశారు. అమ్మమ్మ సంచి నోరు తెరిచి మెట్ల దగ్గర నిలబడింది.

ఒక్కడూ ఇవ్వలేదు. శ్రీరామ్మూర్తి మైకు పట్టుకుని సంఘం సాధించినవి చెబుతున్నాడు. అలాంటప్పుడు చెవులు ఖాళీగా ఉంచుకోవడం పెద్దలకు అలవాటే కాని, ఈసారి చేతులకూ పని దొరికింది. ఒకాయన లేసు ముడి వేసి విప్పుతున్నాడు. ఇంకొకాయన బస్సు కిటికీలు ఎత్తి ప్రయాణికులను చూస్తున్నాడు. మూడో ఆయన పక్కాయన్ని మోచేత్తో పొడిచి, “నా సేప బయటికి వచ్చీసింది, నీదింకా రాలేదేటి?” అంటున్నాడు. శ్రీరామ్మూర్తి జోక్ వేస్తే వేదిక మీద ఎవరూ నవ్వలేదు. చేప మళ్ళీ వలలో పడ్డప్పుడు మాత్రం ముగ్గురూ నవ్వారు.

అమ్మమ్మ ఇంక ఆగలేదు. మెట్లెక్కి, “ఇయ్యండి బాబూ, పిల్లలవి” అని ఒకాయన తరువాత ఒకాయన చేతిలోంచి లాక్కుని సంచిలో వేసుకుంది. ముఖ్య అతిథి దగ్గరికొచ్చేసరికి ఆయన పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు.

“ఇది ఇవ్వనమ్మా.”

“ఏటి బాబూ, ఎనభై ఏళ్ళొచ్చాక పిల్లగుంటల బొమ్మకి పేచీ పెడతన్నారు?”

“పేచీ కాదు, ఇది తప్పు.” ఆయన కొలిమి పేజీ తెరిచి చూపించాడు. “కరిగిన ఇనుము పైనుంచి రాదు. పైనుంచి వేసేది రాయీ బొగ్గూ. ఇనుము అడుగునుంచి వస్తుంది. ఇది ఎవరు చెప్పారు నీకు?”

అమ్మమ్మ తల తిప్పి తాతను చూసింది. హాలంతా తాతను చూసింది.

“ఏమయ్యా, నువ్వు ఏ డిపార్ట్‌మెంటు?” అన్నాడాయన.

“స్టోర్సు సార్” అన్నాడు తాత, వినీ వినిపించనంత నెమ్మదిగా. ముప్ఫై నాలుగేళ్ళూ ఆయన చూసింది నట్లూ బోల్టులూ అని మాకు ఆ రోజే తెలిసింది. ముఖ్య అతిథి తనే పుస్తకం మూసి అమ్మమ్మ సంచిలో వేశాడు.

దారిలో తాత సర్ది చెప్పబోయాడు. “పోనీలే, గుంటలకేటి తెలుత్తాది? ఆ మేడమ్‌కేటి తెలుత్తాది?”

“ఆ పెద్దాయనకి తెలిసింది. నాకూ తెలిసింది. తెలిసాక తప్పు పుస్తకం ఎలాగిత్తాను?” అంది అమ్మమ్మ. ఇల్లు చేరగానే బ్లేడు ముక్క తాత చేతిలో పెట్టింది. “పొద్దున్న ఇప్పీ ఇప్పీ అన్నావు కదా. ఇప్పు.”

మధ్యాహ్నమంతా తాత అరుగు మీద కూర్చుని పన్నెండు జిప్పులు ఊడదీశాడు. అడ్డదిడ్డంగా కోసినప్పుడల్లా లోపలి నుంచి, “బట్ట తెగిందంటే నీ పంచె కోత్తాను” అని వినిపించేది. ఆయన విప్పినవి ఆవిడ కొలిమి అడుగుకు మార్చి కుట్టింది. నడుమనున్న రెండు నల్ల గుండీలు అలాగే ఉంచింది. చీకటి పడకుండానే పన్నెండూ సంచిలోకి చేరాయి.

సోమవారం ఎనిమిదీ ముప్పావుకు మధురవాడ బడిలో ఉన్నాం. బెలూన్లు, రిబ్బన్లు, కొత్త పెయింటు వాసన. ఏడుస్తున్న పిల్లలు, వాళ్ళను ఫోటోలు తీస్తున్న తల్లులు. గ్రేసీ మేడమ్ పుస్తకాలు లెక్కపెట్టుకుని, తిరగేసి, ఆఖరి పేజీ దగ్గర ఆగింది. “ఇదేంటి ఆంటీ? యాపిల్ ఏదైనా పెట్టొచ్చు కదా?”

“కొలిమి అమ్మా. ఇనుము అడుగునుండి వత్తాది. పెద్ద ఇంజనీరు సెప్పినాడు” అంది అమ్మమ్మ, ఆయన కన్నా నీకెక్కువ తెలుసా అన్నట్టు.

మేడమ్ ఏదో అనబోయేంతలో మూడేళ్ళ పిల్ల ఒకతి ఏడుపు ఆపి పుస్తకం లాక్కుంది. కొలిమి వైపు చూసింది. రెండు నల్ల గుండీలు. కింద అడ్డంగా జిప్పు. జిప్పు తీసింది. ఎర్ర గుడ్డ జరీ మెరుపులతో బయటికి వేలాడింది.

“నాలిక!” అని కేక పెట్టింది.

అమ్మమ్మ మొహం చూడాలి. ఆదివారం మధ్యాహ్నమంతా మొగుణ్ణి కూర్చోబెట్టి దిద్దించిన ఇనుము. ఆవిడ నోరు తెరిచింది, కొలిమి సంగతి చెప్పడానికే. ఆ పిల్ల అప్పటికే తన నాలుక బయటికి చాపి కొలిమిని వెక్కిరిస్తోంది. ఏడుస్తున్న మిగతావాళ్ళు చూసి పుస్తకాల మీద పడ్డారు. పన్నెండు జిప్పులూ తెరుచుకున్నాయి, పన్నెండు నాలుకలు వేలాడాయి. పన్నెండుమంది పిల్లలు తమవీ చాపి గ్రేసీ మేడమ్ వైపు తిరిగారు. పక్కన తల్లులు అది కూడా ఫోటో తీశారు.

“ఈ పుస్తకాలు మీ దగ్గరే ఉంచమంటారా, తీసుకుపొమ్మంటారా?” అంది అమ్మమ్మ, ఖాళీ సంచి దులుపుతూ.

మేడమ్ ఒక పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకోబోయింది. ఆ పిల్ల బడి కప్పు ఎగిరిపోయేలా అరిచింది. మేడమ్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఉంచండాంటీ” అంది.

అమ్మమ్మ ముందుకు వంగి ఆ మొదటి పిల్ల కళ్ళలోకి చూసి, తన నాలుక కూడా ఒకసారి చాపి చూపించింది. జర్దా తిని తిని ఎర్రబడిన నాలుక. ఆ పిల్ల రెండు నాలుకలనూ పోల్చి చూసుకుని, పుస్తకంలోదే బాగుందన్నట్టు మళ్ళీ జిప్పు పట్టుకుంది.